నిలకడ లేని స్టార్ కోసం ట్రేడ్ చేయాలా? ఐస్ హాకీ వాదనకు ఒక పద్ధతి

2018 నవంబరులో విన్నిపెగ్ జెట్స్ ఫార్వర్డ్ (దాడి చేసే ఆటగాడు) పాట్రిక్ లైనే ఒక్క నెలలో 18 గోల్స్ చేశాడు. వాటిలో ఐదు 24వ తేదీన సెయింట్ లూయిస్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో వచ్చాయి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 82 మ్యాచ్‌ల ఆ సీజన్ పూర్తయ్యేసరికి అతని లెక్క 30 దగ్గర ఆగింది. అంటే నవంబరును తీసేస్తే మిగిలిన నెలలన్నిటికీ కలిపి దక్కినవి 12 గోల్స్ మాత్రమే. ఈ ఒక్క సీజన్‌ను ముందు పెట్టుకుని ఇద్దరు అభిమానులు తెల్లవార్లూ వాదించుకోవచ్చు. ఒకరు నవంబరును చూపించి ఇలాంటి షూటర్ లీగ్‌లో మరొకడు లేడంటారు; మరొకరు తక్కిన నెలలను చూపించి ఇతన్ని నమ్ముకున్న జట్టు మునిగినట్టే అంటారు. ఇద్దరి దగ్గరా సరైన అంకెలే ఉన్నాయి. అయినా ఆ వాదన తెగదు, ఎందుకంటే ఇద్దరూ జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు.

నిలకడ లేని స్టార్‌ను ట్రేడ్ ద్వారా, అంటే మరో జట్టుకు బదులుగా ఏదో ఒకటి ఇచ్చి, తెచ్చుకోవాలా వద్దా అన్న చర్చ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రతి ఏటా, ముఖ్యంగా సాధారణంగా మార్చి తొలి రోజుల్లో పడే ట్రేడ్ గడువుకు ముందు, ఏదో ఒక జట్టు విషయంలో లేస్తూనే ఉంటుంది. ఆ చర్చను ఒక నిర్ణయం దాకా ఎలా నడిపించాలో ఇక్కడ చెప్పదలచుకున్నాను. నా అభిప్రాయాన్ని దాచుకోను: ఇలాంటి ఆటగాడికి అతని చెడ్డ ఏడాదిని బట్టి ధర కట్టాలి. ఆ ధరకు దొరికితే తీసుకోవాలి. దొరకకపోతే ఎంత పెద్ద పేరైనా వదిలేయాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ చెడ్డ ఏడాది ఎంత చెడ్డదో, ఎందువల్ల చెడ్డదో తేల్చుకోవడానికే.

ప్రశ్నలో ధర ఉండాలి

"మన జట్టు అతన్ని తీసుకోవాలా?" అన్నది సగం ప్రశ్న. ఏమిచ్చి తీసుకోవాలి, అతని జీతంలో పాత జట్టు ఎంత భరిస్తుంది, ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి, అతను వస్తే జట్టులో ఎవరి స్థానం పోతుంది అన్న నాలుగూ చేరితేనే అది వాదించదగిన ప్రశ్న అవుతుంది. మాట్లాడటం మొదలుపెట్టే ముందు వీటిని ఒకే వాక్యంగా కాగితం మీద పెట్టండి: "వచ్చే ఏడాది మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌నూ రెండో జతలో ఆడే ఒక యువ డిఫెన్స్‌మన్‌నూ ఇచ్చి, ఇంకా మూడేళ్ల ఒప్పందం ఉన్న ఈ వింగర్‌ను, అతని జీతంలో ఐదో వంతు పాత జట్టే భరించే షరతు మీద తీసుకోవాలి." (డ్రాఫ్ట్ పిక్ అంటే ఏటా కొత్త కుర్ర ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు ఒక జట్టుకు వచ్చే వంతు; డిఫెన్స్‌మన్ రక్షణ ఆటగాడు, వింగర్ పక్కన ఆడే ఫార్వర్డ్.) ఇలా రాసేసరికి సగం గొడవ దానంతటదే చల్లారుతుంది. చాలామంది నిజానికి ఆటగాణ్ణి వ్యతిరేకించరు, తాము మనసులో ఊహించుకున్న ధరను వ్యతిరేకిస్తారు. ఒప్పందంలో ట్రేడ్‌ను అడ్డుకునే హక్కు ఆటగాడికి ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. ఉంటే, అతను రావడానికి ఇష్టపడని నగరం అభిమానులు చేసే వాదనంతా గాలిలో కలిసిపోతుంది.

నిలకడలేమిలో అదృష్టం వాటా ఎంత

నిలకడ లేదన్న మాట వినగానే కారణాన్ని ఆటగాడి మనస్తత్వంలో వెతకడం అభిమానులకు అలవాటు. ఆ పని చివరికి వాయిదా వేసి, ముందు అదృష్టం వాటాను లెక్కగట్టాలి. 82 మ్యాచ్‌లలో 30 గోల్స్ చేసే ఆటగాణ్ణి తీసుకోండి. ఏ జట్టుకైనా అతను విలువైనవాడే. సగటున అతనిది మ్యాచ్‌కు 0.37 గోల్. అతని సామర్థ్యం ఏడాది పొడవునా వెంట్రుకవాసి కూడా మారలేదనీ, గోల్స్ కేవలం యాదృచ్ఛికంగానే వస్తున్నాయనీ అనుకుని లెక్క వేస్తే, ఏదైనా ఒక మ్యాచ్‌లో అతనికి గోల్ రాకపోయే అవకాశం దాదాపు 69 శాతం ఉంటుంది. ఆ సీజన్‌లో ఎక్కడో ఒకచోట వరసగా పది మ్యాచ్‌లు గోల్ లేకుండా గడిచే అవకాశం 45 శాతానికి దగ్గరగా వస్తుంది. అంటే ఏ లోపమూ లేని 30 గోల్స్ ఆటగాళ్లలో కూడా ఇంచుమించు సగం మంది ఏడాదిలో ఒకసారి "మాయమైపోయారు" అనిపించుకుంటారు. పది మ్యాచ్‌ల కరువును ఎవరైనా సాక్ష్యంగా తెస్తే ఈ లెక్క గుర్తు చేసి మర్యాదగా పక్కన పెట్టవచ్చు.

గోల్స్ ఇంత ఎగుడుదిగుడుగా వస్తాయి కాబట్టి వాటికి ముందు మెట్టయిన షాట్లను చూడాలి. గత మూడు నాలుగు సీజన్లలో మ్యాచ్‌కు అతను గోల్ వైపు కొట్టిన షాట్లు ఎన్ని, వాటిలో ఎన్ని గోల్‌కు దగ్గరి ప్రాంతం నుంచి వచ్చాయి, అతను మంచు మీద గడిపిన సమయం ఎంత అన్న మూడూ దాదాపు స్థిరంగా ఉండి గోల్స్ మాత్రమే ఊగిసలాడుతుంటే, ఆ ఆటగాడిలో నిలకడ ఉన్నట్టే. లేనిది పక్ (ఆటలో కొట్టే బిళ్ల) వలలో పడటంలో. షాట్లే తగ్గుతూ పెరుగుతూ ఉంటే మాత్రం అది వేరే కథ, దానికి కారణం వెతకాలి.

ఇదే కొలత మంచి ఏడాదికీ వర్తిస్తుంది, అభిమానులు ఎక్కువగా మోసపోయేది అక్కడే. వెగాస్ గోల్డెన్ నైట్స్ తొలి సీజన్ అయిన 2017-18లో విలియం కార్ల్‌సన్ 43 గోల్స్ చేశాడు. అంతకుముందు ఏ ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌లోనూ అతను పది గోల్స్ చేరలేదు. ఆ ఏడాది అతని షాట్లలో 23 శాతానికి పైగా గోల్స్ అయ్యాయి. లీగ్‌లో గోలీలు (గోల్‌కీపర్లు) కాని ఆటగాళ్లందరి సగటు పది శాతం చుట్టుపక్కల ఉంటుంది. మరుసటి సీజన్‌లో అతని గోల్స్ 24కు దిగాయి. కార్ల్‌సన్ హఠాత్తుగా చెడిపోయాడని అనడం అన్యాయం. అతను మంచి ఆటగాడే, వెగాస్‌కు చాలా ఏళ్లు ఉపయోగపడ్డాడు. 43ను చూసి ధర కట్టి ఉంటే మాత్రం తప్పు కొన్నవాడిదే అయ్యేది.

పక్కన ఎవరున్నారు

అదృష్టం తర్వాత చూడవలసింది సాంగత్యం. ఐస్ హాకీలో ఫార్వర్డ్‌లు ముగ్గురేసి లైన్లుగా (మధ్యలో సెంటర్, రెండు పక్కలా వింగర్లు), నిమిషం కూడా గడవకుండానే మారిపోతూ ఆడతారు. ఒకరి అంకెలలో మిగతా ఇద్దరి శ్రమ కలిసి ఉంటుంది. 2005 నవంబరు చివరిలో జో థార్న్‌టన్ బోస్టన్ నుంచి సాన్ హోసే జట్టుకు వచ్చాక అతని పక్కన ఆడిన జొనాథన్ చీచూ ఆ సీజన్‌ను 56 గోల్స్‌తో ముగించి లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. తర్వాతి మూడు సీజన్లలో అతని గోల్స్ 37, 23, 12 అయ్యాయి. గాయాల పాత్ర కూడా ఉంది గానీ, 56 అన్న అంకెలో పక్ అందించినవాడి వాటాను లెక్కించకుండా ఆ ఆటగాణ్ణి కొనకూడదన్నది స్పష్టం.

ఇంతకంటే కళ్లు తెరిపించే ఉదాహరణ జొనాథన్ హ్యూబర్డోది. 2021-22లో ఫ్లోరిడా పాంథర్స్ తరఫున అతను 115 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) సాధించాడు. అందులో 85 అసిస్టులు, అంటే గోల్‌కు దారితీసిన పాస్‌లు. ఒక సీజన్‌లో ఏ లెఫ్ట్ వింగర్ కూడా అంతకుముందు అన్ని అసిస్టులు చేయలేదు. అతని జట్టు ఆ ఏడాది లీగ్‌లోనే ఎక్కువ గోల్స్ చేసింది. 2022 జూలైలో మాథ్యూ కచక్‌ను ఫ్లోరిడాకు పంపి క్యాల్గరీ ఫ్లేమ్స్ హ్యూబర్డోను, డిఫెన్స్‌మన్ మెకెంజీ వీగర్‌ను తీసుకుంది. కొత్త జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే హ్యూబర్డోతో ఎనిమిదేళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. తర్వాతి సీజన్‌లో అతను చేసిన పాయింట్లు 55. అసిస్టు అంటే మరొకరు గోల్ చేస్తేనే లెక్కలోకి వచ్చేది. వేగంగా దూసుకెళ్లే జట్టు నుంచి నిదానంగా, కట్టుదిట్టంగా ఆడే జట్టుకు ఒక పాస్ మాంత్రికుడు వచ్చినప్పుడు అతని చేతి నైపుణ్యం అలాగే ఉన్నా, అందుకునేవాళ్లు మారిపోయారు. కచక్ కోసం వెళ్లిన ఫ్లోరిడా 2024లోనూ 2025లోనూ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిందన్నది క్యాల్గరీ అభిమానుల ముందు ఎత్తకపోవడం మంచిది.

కాబట్టి మీ వాదనలో ఈ ప్రశ్నలకు జవాబులు ఉండాలి. మంచి ఏడాదిలో అతని లైన్‌లో ఎవరున్నారు? వాళ్లకు సాటి వచ్చేవాళ్లు మన జట్టులో ఉన్నారా? అతని పాయింట్లలో పవర్ ప్లే వాటా ఎంత? పవర్ ప్లేలో, అంటే ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీలో కూర్చుని ఉండగా, అతను నిలబడి షాట్ కొట్టే స్థానంలో మన జట్టుకు ఇప్పటికే ఒకరుంటే, అతని సగం విలువ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. "వాతావరణం మారితే బాగుపడతాడు" అన్న మాటను నేను వాదనగా లెక్కించను. వాతావరణంలో ఏది మారుతుందో, అంటే ఏ సెంటర్‌తో ఆడతాడో, ఏ పవర్ ప్లే యూనిట్‌లో ఉంటాడో, ఎన్ని నిమిషాలు దక్కుతాయో చెప్పగలిగితేనే అది వాదన.

గాయాల విషయం క్లుప్తంగా. ఆడిన మ్యాచ్‌లలో బాగా ఆడి, ఆడలేకపోయిన మ్యాచ్‌ల వల్ల లెక్క తగ్గినవాణ్ణి నిలకడ లేనివాడనకూడదు. అతనికి మ్యాచ్‌ల సంఖ్యలో తగ్గింపు వేయాలి, నైపుణ్యంలో కాదు. ఆటగాడి వ్యక్తిగత జీవితం గురించి, మానసిక స్థితి గురించి ఊహాగానాలు వాదనలోకి రానివ్వకండి. వాటిని తేల్చే సమాచారం మనకు అందుబాటులో ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు.

ఇక శ్రమ పడడన్న ఆరోపణ

అన్నిటికంటే బలంగా వినిపించేదీ, అన్నిటికంటే బలహీనమైన ఆధారాలతో నడిచేదీ ఇదే. టొరొంటోలో ఫిల్ కెస్సెల్‌ను గురించి ఏళ్ల తరబడి ఇదే మాట అన్నారు: గోల్స్ చేస్తాడు గానీ ఒళ్లు వంచడు, అతనితో కప్పు రాదు. 2014-15లో అతనివి 25 గోల్స్, 61 పాయింట్లు. 2015 జూలై 1న టొరొంటో అతన్ని పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు పంపేసింది. మరుసటి సీజన్‌లో అతనివి 26 గోల్స్, 59 పాయింట్లు. అంకెల్లో మార్పేమీ లేదన్నమాట. కానీ పిట్స్‌బర్గ్‌లో ప్రత్యర్థుల మేటి డిఫెన్స్‌మన్‌లను ఆకర్షించడానికి సిడ్నీ క్రాస్బీ, ఎవ్‌గెనీ మాల్కిన్ ముందే ఉన్నారు. కార్ల్ హెగెలిన్, నిక్ బొనీనోలతో కలిసి కెస్సెల్ వారి వెనక మరో లైన్‌లో ఆడాడు. 2016 ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాత కప్పు కోసం జరిగే సిరీస్‌లలో) 22 పాయింట్లతో జట్టులో అందరికంటే ముందున్నాడు. పెంగ్విన్స్ 2016లోనూ 2017లోనూ కప్పు గెలిచింది. పైపెచ్చు, ఒళ్లు వంచడని పేరుపడిన ఈ ఆటగాడే తర్వాత వరసగా 1,064 మ్యాచ్‌లు మానకుండా ఆడి లీగ్ రికార్డు సాధించాడు.

దీన్నుంచి ప్రతి సోమరి స్టార్ లోలోపల కెస్సెలే అని తేల్చడం తొందరపాటు. నేను గ్రహించింది ఇంతే: జట్టు మొత్తాన్ని మోయవలసిన చోట లోపంగా కనిపించే స్వభావం, బరువు మోసేవాళ్లు ముందే ఉన్న చోట ఎవరికీ పట్టదు. అందువల్ల "శ్రమ పడడు" అన్న వాదన వస్తే "మన దగ్గర అతన్ని ఏ స్థానంలో నిలబెట్టాలనుకుంటున్నాం?" అని అడగండి. మొదటి స్థానంలో అయితే ఆ ఆరోపణను గంభీరంగా తీసుకోవాలి. మూడో స్థానంలో అయితే వదిలేయవచ్చు.

ధర కట్టడం

ఒక ఊహా ఆటగాణ్ణి తీసుకుందాం. గత నాలుగు సీజన్లలో అతని గోల్స్ 34, 19, 31, 22. అమ్మే జట్టు 34ను చూపిస్తుంది, అభిమాని 31ని గుర్తుపెట్టుకుంటాడు, జాగ్రత్తపరుడు నాలుగింటి సగటు 26 చిల్లర అంటాడు. నేనైతే కింది రెండింటి సగటును, అంటే సుమారు 20ని, అతని విలువగా పట్టుకుంటాను. ఇది నేను పెట్టుకున్న కొలబద్ద మాత్రమే, దీనికి శాస్త్ర ప్రమాణమేదీ లేదు. అయితే ఇందులో ఒక సౌలభ్యం ఉంది: 20 గోల్స్ ఆటగాడికి తగిన మూల్యం చెల్లించి తెచ్చుకున్నాక అతను 20 చేస్తే నష్టం లేదు, 34 చేస్తే ఆ 14 లాభం. 34కు మూల్యం చెల్లించినవాడికి అతను సరిగ్గా 34 చేసినా మిగిలేదేమీ ఉండదు, అంతకంటే ఏమాత్రం తగ్గినా నష్టమే.

జీతాన్ని డాలర్లలో కాకుండా శాలరీ క్యాప్‌లో, అంటే ఒక జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో, శాతంగా చూడాలి. 2005-06లో మొదలైన ఈ పరిమితి కెస్సెల్ పిట్స్‌బర్గ్‌కు వచ్చిన 2015-16లో 7.14 కోట్ల డాలర్లు. 2025-26కు అది 9.55 కోట్లు. కెస్సెల్ ఒప్పందం ఏటా 80 లక్షల డాలర్ల లెక్కది, అంటే అప్పటి పరిమితిలో 11 శాతం పైమాట. టొరొంటో అందులో 12 లక్షలు తానే భరించడానికి ఒప్పుకోవడంతో పిట్స్‌బర్గ్‌కు పడిన భారం 68 లక్షలు, అంటే తొమ్మిదిన్నర శాతం. ఆ ఒకటిన్నర శాతంలో ఒక మంచి నాలుగో లైన్ ఆటగాడు వస్తాడు. పాత జట్టు గరిష్ఠంగా జీతంలో సగం దాకా భరించవచ్చు. కానీ ఒక జట్టు ఏకకాలంలో ఇలాంటి ఒప్పందాలను మూడింటికి మించి మోయకూడదు. ఎదుటి జట్టుకు అలాంటి చోటు మిగిలి ఉందో లేదో చూడకుండా "సగం జీతం వాళ్లనే భరించమందాం" అనడం ఉత్త కోరికే.

ఇచ్చే వస్తువుల్లో అందరూ తక్కువ అంచనా వేసేది డ్రాఫ్ట్ పిక్‌ను. ఆ పిక్ ఎంత ముందు వస్తుందన్నది ఇచ్చే జట్టు ఎంత ఘోరంగా ఆడుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తామే బాగుపడతామన్న నమ్మకంతోనే ఎవరైనా ట్రేడ్ చేస్తారు కాబట్టి తమ పిక్ చివర్లో వస్తుందని అనుకుంటారు. 2009 సెప్టెంబరులో ఇదే కెస్సెల్‌ను బోస్టన్ నుంచి తెచ్చుకోవడానికి టొరొంటో రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చింది. ఆ మొదటి రౌండ్ పిక్‌లు 2010లో రెండో స్థానం, 2011లో తొమ్మిదో స్థానం అయ్యాయి. బోస్టన్ వాటితో టైలర్ సెగిన్‌ను, డూగీ హామిల్టన్‌ను ఎంచుకుంది. పిక్ మొదటి పది స్థానాల్లో పడితే ఆ ఏడాది ఇవ్వం, మరుసటి ఏడాదిది ఇస్తాం అన్న షరతు పెట్టించలేని పరిస్థితిలో బలహీనమైన జట్టు మొదటి రౌండ్ పిక్‌ను ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ కథకు ఇంకో మలుపు ఉంది. 2013 ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌లకు ఒకే గోల్ చేసిన సెగిన్‌ను బోస్టన్ అదే జూలైలో డాలస్‌కు పంపేసింది. అప్పటికి అతని వయసు 21. బోస్టన్‌లో ఎక్కువగా వింగర్‌గా ఆడినవాడు డాలస్‌లో సెంటర్‌గా జేమీ బెన్ పక్కన ఆడి, తొలి సీజన్‌లోనే 84 పాయింట్లు చేశాడు. 21 ఏళ్లవాడి ఊగిసలాటను 29 ఏళ్లవాడి ఊగిసలాటతో సమానంగా తూచకూడదు. చిన్నవాడి విషయంలో చెడ్డ ఏడాది గతం కావచ్చు. పెద్దవాడి విషయంలో అది రాబోయే ఏళ్లకు నమూనా కావచ్చు. చెడ్డ ఏడాదిని బట్టి ధర కట్టాలన్న నా సూత్రాన్ని నేను సడలించేది 23 ఏళ్ల లోపు ఆటగాళ్లకే.

అద్దెకు తెచ్చుకోవడం, అంటే సీజన్ చివర ఒప్పందం ముగిసే ఆటగాణ్ణి కొన్ని నెలల కోసం తీసుకోవడం, వేరే లెక్క. 2014 మార్చిలో లాస్ ఏంజెలెస్ కింగ్స్ మరియన్ గాబొరిక్‌ను కొలంబస్ నుంచి మాట్ ఫ్రాటిన్, ఒక రెండో రౌండ్ పిక్, షరతుతో కూడిన ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చి తీసుకుంది. గోల్స్ ఇవ్వడంలో అతి పిసినారి, చేయడంలో లీగ్ అడుగు భాగంలో ఉన్న జట్టు అది. ఏం కొరవడిందో స్పష్టంగా తెలుసు. గాబొరిక్ ఆ ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువగా 14 గోల్స్ చేశాడు, కింగ్స్ కప్పు గెలిచింది. ఆ వెంటనే జట్టు అతనికి ఏడేళ్ల ఒప్పందం ఇచ్చింది. గాయాలు, వయసు తోడై అది భారంగా మారింది, 2018లో అతన్ని వేరే జట్టుకు పంపవలసి వచ్చింది. ట్రేడ్ సరైనదే, తర్వాతి ఒప్పందం కాదు. వాదనలో ఈ రెండింటినీ ఎప్పుడూ విడదీయండి.

జట్టు ఎక్కడ ఉంది

అదే ఆటగాడు ఒక జట్టుకు సరిపోయి మరో జట్టుకు సరిపోకపోవచ్చు. కప్పు గెలవాలంటే ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లు నాలుగు గెలవాలి, అంటే 16 విజయాలు. ప్లేఆఫ్స్‌కు చివరిదైన ఎనిమిదో స్థానంలో ఊగిసలాడే జట్టుకు ఎగుడుదిగుడు ఆటగాడు ఒక అవకాశం: స్థిరమైన 20 గోల్స్ ఆటగాడితో ఓడిపోయే సిరీస్‌ను అతను మంచి వారంలో ఒంటిచేత్తో గెలిపించవచ్చు. ఇప్పటికే అందరికంటే బలంగా ఉన్న జట్టుకు ఆ జూదం అవసరం లేదు. అయితే బలమైన జట్టులో అతను చల్లబడిన వారాన్ని భరించడానికి మరో ఇద్దరు స్కోరర్లు ఉంటారు కాబట్టి నష్టం తక్కువ. అసలు తీసుకోకూడనిది మధ్యలో ఉన్న జట్టు: అతనే ఏకైక స్కోరర్ కావలసిన జట్టు, అతని చెడ్డ నెలతోపాటే పడిపోయే జట్టు.

వాదన నడిపే తీరు

రెండు నియమాలు పెట్టుకుంటే చాలు. ఒకటి, ఎవరైనా "ఫలానా తేదీ నుంచి అతను ఇన్ని పాయింట్లు చేశాడు" అంటే ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. సరైన కారణం లేకపోతే పూర్తి సీజన్ లెక్కే చెల్లుతుంది. రెండు, చర్చకు ముందే ఇద్దరూ తాము ఇవ్వదలచుకున్న గరిష్ఠ ధరను విడివిడిగా రాసి పెట్టుకోవాలి. చర్చ వేడెక్కాక ధర పెరగడం సహజం. పొరుగింటి పుల్లకూర రుచి కదా, తెచ్చుకోబోయే స్టార్ లోపాలు మన దగ్గరున్న స్టార్ లోపాలంత పెద్దవిగా కనిపించవు. సగం దూరం వెళ్లాక పక్షాలు మార్చుకుని వాదించి చూడండి. ఎదుటివారి పక్షాన ఒక్క గట్టి కారణం కూడా చెప్పలేకపోతే, మీరు ఇంకా వినలేదన్నమాట.

అమ్మే జట్టు ఎందుకు అమ్ముతోందన్న ప్రశ్న కూడా అడగాలి. లైనేనే చూడండి. 2021 జనవరిలో అతనితోపాటు జాక్ రోస్లొవిక్‌ను ఇచ్చి విన్నిపెగ్ కొలంబస్ నుంచి పియెర్-లూక్ డుబ్వాను, ఒక మూడో రౌండ్ పిక్‌ను తీసుకుంది. అప్పుడు అతను విలువైన సరుకు. గాయాలతో చాలా మ్యాచ్‌లు పోయాక, 2024 ఆగస్టులో 87 లక్షల డాలర్ల జీతంతో ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగా, కొలంబస్ అతనితోపాటు ఒక రెండో రౌండ్ పిక్‌ను కూడా కలిపి మాంట్రియల్‌కు ఇచ్చి, డిఫెన్స్‌మన్ జోర్డన్ హారిస్‌ను తీసుకుంది. అతని భారాన్ని దించుకోవడానికే ఆ పిక్‌ను జతచేసింది. మాంట్రియల్ అతని చెడ్డ ఏడాది ధరకంటే తక్కువకే తీసుకుంది. తర్వాతి సీజన్‌లో అతను 52 మ్యాచ్‌లలో 20 గోల్స్ చేశాడు, వాటిలో ఎక్కువ భాగం పవర్ ప్లేలో. ఆ ధరకు అది చాలు.

చివరగా, మీ వాదన ఏ నిర్ణయంతో ముగిసినా దాన్ని తేదీతో సహా రాసిపెట్టండి. ట్రేడ్ నిజంగా జరిగితే 20 మ్యాచ్‌ల తర్వాత ఆ కాగితం తీయండి. అప్పటికి గోల్స్ లెక్క చూడకండి, 20 మ్యాచ్‌లు దానికి చాలవు. మ్యాచ్‌కు ఎన్ని షాట్లు, ఎన్ని నిమిషాలు, ఏ సెంటర్ పక్కన అన్న మూడూ మీరు రాసుకున్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి.